చాంబర్ బోల్టు

మార్చి 2

అమ్మాయికి, మామయ్య రాయడం.

మా క్షేమం సంగతి మీ వదిన నీకు ఫోన్‌లో చెప్పేసిందట. అంటే ఉత్తరంలో ఆ రెండు లైన్లూ ఆదా అయ్యాయి, వాటిని బండికి వాడుకుంటాను. మెడకి కట్టు ఇంకా ఉంది. మాట్లాడొద్దన్నారు కదా అని మీ వదిన పలక ఒకటి కొనిచ్చింది. నేను దాని మీద సగం రాసేలోపే ఆవిడ మిగతా సగం ఊహించుకుని జవాబు చెప్పేసి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నా కూతురే, ఎవరితో చెప్పుకోను. కాగితం మీద అయితే ఎవరూ మధ్యలో అడ్డం రారు.

నేను ఆపరేషన్‌కి బయల్దేరిన రోజు మీటరు చూశాను. ఇంకో తొమ్మిది వందల కిలోమీటర్లు తిరిగితే పోయిన సర్వీసుకి ఐదు వేలు నిండుతాయి. నువ్వు రోజూ లాండ్రీ నుంచి ఆసుపత్రికీ హోటళ్ళకీ దుప్పట్లు వేసి వస్తున్నావు కాబట్టి ఈపాటికి నిండే ఉంటాయి. సర్వీసు చెయ్యాలి. ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యకు. మెకానిక్ షెడ్డుకి మాత్రం పంపొద్దు. ఇరవై రెండేళ్ళుగా ఆ పికప్ కింద నా వీపు తప్ప ఇంకెవరి వీపూ ఆనలేదు. మా వాణ్ణి దాని దగ్గరికి రానివ్వకు. వాడు లాండ్రీలో ఇస్త్రీ మిషన్ బ్రహ్మాండంగా నడుపుతాడు, అంతవరకే.

నువ్వే చెయ్యి. బండి నడపడం మూడు వారాల్లో నేర్చుకున్నావు, ఇదెంత.

బండిని చదునుగా ఉన్నచోట పెట్టు. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టు. ఇంజన్ ఐదు నిమిషాలు తిప్పి ఆపెయ్యి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటేనే మడ్డి దిగుతుంది. కిందికి దూరి చూస్తే ఇంజన్ అడుగున నల్లటి తొట్టి కనిపిస్తుంది, దాన్నే చాంబర్ అంటారు. దాని అడుగున ఒకే ఒక బోల్టు. పంతొమ్మిది నంబరు పానా తీసుకుని, పిడి ముందు చక్రాల వైపు ఉండేలా తగిలించి, నీ వైపుకి లాగు. మొండికేస్తే ఇంకా గట్టిగా లాగు. ఆ బోల్టు మొదట ఎప్పుడూ మొండికేస్తుంది, తర్వాత దారికొస్తుంది. మన ఇంట్లో అందరి లాగే.

ఆయిల్ పూర్తిగా కారాక ఉత్తరం రాయి. ఫిల్టరు, గ్రీజు, ఫ్యాన్ బెల్టు సంగతి అప్పుడు చెబుతాను. ఒకేసారి అన్నీ చెబితే కంగారు పడతావు.

మామయ్య


మార్చి 6

మామయ్యకి నమస్కారాలు.

కంగారు పడ్డాను. అన్నీ చెప్పకపోయినా పడ్డాను.

నిన్న మధ్యాహ్నం రెండో ట్రిప్పు అయ్యాక మీ కాగితం జేబులో పెట్టుకుని మొదలుపెట్టాను. ఇటుకలు పెట్టాను. ఐదు నిమిషాలు గడియారం చూసి ఇంజన్ తిప్పాను. డ్రైవర్ వైపు గోడకి ఆనించి ఉంది కాబట్టి, సందు లేక ఇటు వైపు నుంచి కిందికి దూరాను. అక్కడ ఎంత మట్టి ఉందో మీరు ఎప్పుడూ చెప్పలేదు. కళ్ళలో పడింది, నోట్లో పడింది, మీరు ఇరవై రెండేళ్ళు ఆ కింద ఏం తిని బతికారో నాకు ఇప్పుడు తెలిసింది.

పిడి ముందు చక్రాల వైపు పెట్టాను. నా వైపుకి లాగాను. కదల్లేదు. మొండికేస్తే ఇంకా గట్టిగా లాగమన్నారు కదా, లాగాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పెరట్లో ఉన్న ఇనప గొట్టం ముక్క ఒకటి పిడికి తొడిగి, కాళ్ళు చక్రానికి తన్నిపెట్టి లాగాను. కరక్‌మంది. దారికొచ్చిందని తెగ సంతోషించాను మామయ్యా. ఒక్క నిమిషం సంతోషించాను. బోల్టు గిర్రున తిరుగుతోంది, కానీ ఊడి రాదు. బిగించబోతే బిగుసుకోదు. చాంబర్ లోపల బోల్టు పట్టే మర, అదే థ్రెడ్డు, మొత్తం కోసుకుపోయింది. ఆయిల్ చుక్కచుక్కగా కారుతోంది. కింద పళ్ళెం పెట్టి, ఆ చుక్కల శబ్దం వింటూ గంటసేపు అక్కడే కూర్చున్నాను.

మీ అబ్బాయి వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "షెడ్డుకి తీసుకెళ్ళమని నేను ముందే అన్నానా లేదా?" అన్నారు. అనలేదు. ఈ జన్మలో ఎప్పుడూ అనలేదు.

ఇవాళ దుప్పట్లు ఆటోలో మూడు విడతలుగా వేశాను. ఆసుపత్రికి ఆరింటికి అందాల్సిన మూటలు ఎనిమిదిన్నరకి అందాయి. వార్డు సిస్టర్ నా మొహం వైపు చూడకుండా మూటలు లెక్కపెట్టుకుంది. తిడితేనే బాగుండేది. లాండ్రీ ఓనరు మాత్రం తిట్టాడు. "సోమవారం పొద్దున్నకి పికప్ రోడ్డెక్కకపోతే ఆ రూటు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానమ్మా, మళ్ళీ నన్ను అనుకోవద్దు" అన్నాడు.

ఇందాక ఒకాయన వచ్చాడు. కిందికి దూరి చూశాడు, తట్టి చూశాడు, నాలుక చప్పరించాడు. శుక్రవారం వచ్చి తీసుకెళ్తానన్నాడు. నేను సరే అన్నాను. మిమ్మల్ని అడిగే టైము లేదు, ఇంకో దారీ లేదు.

మీ కాగితంలో ఏముందో అదే చేశాను. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

మీ కోడలు


మార్చి 9

అమ్మాయికి.

శుక్రవారం దాటిపోయింది. అంటే నేను ఈ ముక్క రాసేటప్పటికే బండి మన గుమ్మం ముందు లేదన్నమాట.

ఎవరో ఒకాయన వచ్చాడు, చూశాడు, తట్టాడు, తీసుకెళ్తానన్నాడు, నువ్వు సరే అన్నావు. సంతలో గిన్నె అమ్మినట్టు అమ్మేశారు. ఒక బోల్టు చెడిపోతే బండి అమ్ముతారా? నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక కొన్నది అది. ఆ ఇద్దర్నీ మించి మాట విన్నది కూడా అదే. మా వాడు సంతకం పెట్టాడా? వాడు పెట్టే ఉంటాడు. ఇస్త్రీ మిషన్ తప్ప ఇంకేదీ ఇల్లు నడపదని వాడి లెక్క.

నాకు తెలుసు ఎందుకింత ధైర్యం వచ్చిందో. ఇక గొంతు రాదని మీ వదిన నీకు చెప్పేసింది. చెప్పొద్దని పలక మీద పెద్దక్షరాలతో రాసి చూపించాను, అయినా చెప్పే ఉంటుంది. ఈ ముసలాడు ఇక అరవలేడు, అడ్డం చెప్పలేడు, బండి ఎవరికి అమ్మినా పలక మీద గీసుకుంటూ కూర్చుంటాడు అనుకున్నారు.

బోల్టు థ్రెడ్డు ఊరికే పోదు. ఇరవై రెండేళ్ళలో అరవై సార్లకి పైగా విప్పాను, ఒక్కసారి పోలేదు. నీ వైపుకి లాగమంటే ఎటు లాగావు?

మామయ్య


మార్చి 11

అమ్మాయికి.

ఈ ఉత్తరం నీకు కాదు. బండి కొన్నాయనకి. ఎక్కడుంటాడో కనుక్కుని ఇచ్చిరా. ఇంతకు మించి నిన్నేమీ అడగను.

అయ్యా, మీరెవరో నాకు తెలియదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మూడో గేరు పడదు, బలవంతం చెయ్యకండి. రెండులోంచి న్యూట్రల్‌కి తెచ్చి, ఒక్క క్షణం ఆగి వెయ్యండి. డ్రైవర్ తలుపు వెయ్యాలంటే కొంచెం పైకి ఎత్తి నెట్టాలి. విసిరితే అద్దం దిగిపోతుంది. రేడియేటర్‌లో కుళాయి నీళ్ళు పోయకండి. గ్రీజు పెట్టాల్సిన చోట్లు పదకొండు. షెడ్డు వాళ్ళకి తొమ్మిదే తెలుసు. మిగతా రెండూ వెనక కమాను కట్టల దగ్గర, మట్టి కింద ఉంటాయి, గుడ్డతో తుడిస్తే కనిపిస్తాయి. బ్యాటరీకి తీగలు తగిలించేచోట తెల్లగా పట్టినప్పుడల్లా వేన్నీళ్ళతో కడిగి వాజలీన్ రాయండి. బరువెక్కువైతే అది మూలుగుతుంది, అబద్ధం చెప్పదు. మూలిగితే దించెయ్యండి.

ఇంకా చాలా ఉన్నాయి. మీరు అడిగితే రాస్తాను.

ఇట్లు,
పాత ఓనరు


మార్చి 14

మామయ్యకి.

మీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది బుధవారం, రెండోది ఇవాళ.

కొన్నాయనకి ఇవ్వమన్నారు కదా, ఇవ్వడానికి కొన్నాయన లేడు. బండి గుమ్మం ముందే ఉంది. వచ్చినాయన లేత్ మిషన్ ఆయన. తీసుకెళ్ళింది చాంబర్. చాం-బ-ర్. థ్రెడ్డు తెగిన తొట్టిని విప్పి తీసుకెళ్ళి, దానికి పెద్ద థ్రెడ్డు కోసి, కొంచెం లావు బోల్టు చేసి శనివారం సాయంత్రం తెచ్చిచ్చాడు. ఆదివారం తను పనిచెయ్యనన్నాడు. ఎలా పెట్టాలో నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చూపించి వెళ్ళాడు. ఆదివారం నేనే ఎక్కించాను. పదహారు చిన్న బోల్టులు, ఆయిల్ కారకుండా మధ్యలో కొత్త ప్యాకింగ్. పదిహేను ఎక్కాక పదహారోది కనిపించలేదు. రెండు గంటలు వెతికాను, నా కొంగు ముడిలోనే ఉంది. మీ అబ్బాయి నవ్వారు. పానా విసిరేశాను, తగల్లేదు.

ఆయిల్ పోశాను, ఫిల్టరు మార్చాను. బెల్టు ఒత్తి చూశాను, బొటనవేలికి అర అంగుళం లోపలికి పోతోంది, చాలని ఆ లేత్ ఆయనే చెప్పాడు. గ్రీజు తొమ్మిది చోట్ల పెట్టాను. ఇవాళ మీ రెండో ఉత్తరం చదివి, మళ్ళీ కిందికి దూరి గుడ్డతో తుడిచాను. పదో చోటు, పదకొండో చోటు దొరికాయి. సోమవారం ఆరింటికి పది నిమిషాల ముందే ఆసుపత్రిలో మూటలు దించాను. రూటు మనదే.

ఇంత చేశాక నన్ను సంతలో గిన్నె అమ్మినదాన్ని చేశారు. ఎటు లాగావని అడుగుతున్నారు. నా వైపుకే లాగాను. నా వైపు అంటే నా వైపే కదా మామయ్యా, ఇంకో వైపు నాకెక్కడిది?

ఇప్పుడు రెండో సంగతి. గొంతు రాదంటే ఏమిటి?

వదిన నాకేమీ చెప్పలేదు. నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ "వాపు తగ్గాలి, తగ్గాక మాట వస్తుంది" అంది. ఆవిడ మీ మాట నిలబెట్టింది, మీరే నా మీద కోపంలో జారవిడిచారు. బుధవారం ఆసుపత్రి వెనక గేటు దగ్గర, వాళ్ళు మూటలు దించుకుంటున్నంతసేపూ మీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాలుగు లైన్ల తిట్లు, మధ్యలో ఆ ఒక్క లైను. తిట్లు మళ్ళీ మళ్ళీ చదివాను, ఆ లైను చదవకుండా ఉండటానికి. మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో కూడా కాగితం మీద రాసి పంపండి. అయితే ఈసారి ఎటు వైపుకి లాగాలో సరిగ్గా రాయండి.

మీ కోడలు


మార్చి 18

అమ్మాయికి,

రెండు రోజులుగా ఇది రాసి చింపుతున్నాను. మీ వదిన చెత్తబుట్ట చూసి, "నాన్నా, వీలునామా రాస్తున్నావా?" అంది.

నువ్వు అడిగిన ప్రశ్నకి ముందు సమాధానం. మొన్న మీ వదిన వాళ్ళ మేడ కింద కూరగాయల వ్యాన్ ఆగి ఉంది. ఆ డ్రైవరు ఎటో వెళ్ళాడు. నేను మెడ కట్టు మీద తువ్వాలు చుట్టుకుని కిందికి దూరాను. చేతిలో పానా లేదు, గరిటె తీసుకెళ్ళాను. ఎప్పటిలాగే డ్రైవర్ వైపు నుంచి దూరి, గరిటె బోల్టుకి ఆనించి లాగితే ఊడే వైపే తిరిగింది. తర్వాత బయటికొచ్చి, అటు వైపు నుంచి దూరి, అదే గరిటె అలాగే పెట్టి నా వైపుకి లాగాను. బిగిసే వైపు తిరిగింది.

ఇరవై రెండేళ్ళుగా ఒకే వైపు నుంచి దూరాను. ఇంకో వైపు ఉందన్న సంగతే నాకు తట్టలేదు. గోడ అడ్డం ఉందని నువ్వు రాశావు, నేను చదివాను, అయినా తలకెక్కలేదు. నువ్వు ఊడే బోల్టుని బిగించావు. బలం పెట్టి బిగించమని చెప్పింది నేను. తప్పు కాగితానిది.

నేను కింద ఉండగానే మీ వదిన బయటికొచ్చింది. వ్యాన్ కింద నుంచి నా కాళ్ళు కనిపించాయి. "నాన్నా! నాన్నా!" అని పిలిచింది. నేను పలకలేను కదా. ఆవిడ పెట్టిన కేకకి మేడ మొత్తం దిగివచ్చింది. గరిటె పట్టుకుని బయటికొచ్చిన నన్ను చూసి ఏడ్చింది, తర్వాత కొట్టబోయింది. పలక పైన ఉండిపోయింది. వాళ్ళందరి మధ్యా చేతులూపుతూ నిలబడ్డాను. ఆ పూట నాకు మాట పోయిందన్న సంగతి మొదటిసారి తెలిసొచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు చెప్పినప్పుడు కూడా అంత తెలియలేదు.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. మాట పోయిందని చెప్పడానికి కూడా మనిషికి మాట కావాలమ్మా. పలక మీద రాసి చెరిపేసే సంగతి కాదది. మా వాడికి చెప్పు. ఎలా చెప్పినా వాడు ముందు బల్ల మీద ఏదో ఒకటి సర్దుతాడు, తర్వాత బయటికెళ్ళి వస్తాడు. రానివ్వు.

ఇక బండి. పనంతా బాగా చేశావు. ఒక్కటి మిగిలింది. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటింది. అది కాగితం మీద నేర్పే పని కాదు, ఒక్కళ్ళు చేసే పనీ కాదు. ఒకళ్ళు సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి, ఇంకొకళ్ళు కింద చక్రం దగ్గర నట్టు వదిలి పాత ఆయిల్ పోనివ్వాలి. కింద ఉన్నవాడు "తొక్కు, పట్టు, వదులు" అని అరుస్తూనే ఉండాలి. మాట ఒక్క క్షణం అటూ ఇటూ అయితే గొట్టాల్లోకి గాలి పోతుంది, బ్రేకు పడదు. ఇన్నాళ్ళూ కింద నేను అరిచాను. పైన ఎవరున్నా నా అరుపుకి పని జరిగింది.

ఇక జరగదు. షెడ్డుకి తీసుకెళ్ళు. మనసు చంపుకుని రాస్తున్నాను, తీసుకెళ్ళు.

మామయ్య


మార్చి 22

మామయ్యకి,

మీ అబ్బాయికి చెప్పాను. బల్ల మీద ఉప్పు డబ్బా, గ్లాసులు, న్యూస్‌పేపరు అన్నీ వరసగా సర్దారు. తర్వాత బయటికెళ్ళారు. గంటకి తిరిగొచ్చి, "నన్ను చిన్నప్పుడు వీధి చివర నుంచి పిలిచేవాడు, అన్నం చల్లారిపోతోందిరా అని" అన్నారు. అంతే. వదినకి మాత్రం ఫోన్ చేసి అరగంట పోట్లాడారు.

మర్నాడు, "బ్రేకు పని నేను చేయిస్తాను, షెడ్డెందుకు" అని తనే ముందుకొచ్చారు. కాదనలేకపోయాను. నట్టు విప్పకుండా ముందు ఉత్తుత్తిగా చేసి చూద్దామన్నాను. ఆ బుద్ధి పుట్టినందుకు నాకు నేనే దండం పెట్టుకోవాలి. నేను కింద, ఆయన సీట్లో.

"తొక్కండి" అన్నాను. తొక్కారు. "పట్టుకోండి" అన్నాను. "దేన్ని?" అన్నారు. "పెడలుని." "చేత్తోనా?" అన్నారు. మళ్ళీ మొదలుపెట్టాం. "తొక్కండి." "తొక్కాను." "పట్టుకోండి." "పట్టుకున్నాను." "ఇంకా వదలొద్దు" అన్నాను. వదిలేశారు. "వదలొద్దన్నానా!" "నువ్వు వదులు అనేదాకా వదలొద్దన్నావు, ఇప్పుడు వదులు అన్నావుగా!" పద్దెనిమిది సార్లు చేశాం మామయ్యా. ఇస్త్రీ మిషన్‌కి తొక్కే పెడలే ఉంది, మరి ఇక్కడేమొచ్చింది ఈయనకి? నా గొంతు బొంగురుపోయింది. చివరికి ఆయన దిగి, "నాన్న ఎలా చేయించేవాడో నాకు అర్థం కావట్లేదు" అని మెట్ల మీద కూర్చున్నారు. నేను కింద అలాగే పడుకుని ఏడ్చాను. బండి కోసం కాదు.

షెడ్డుకి నేను తీసుకెళ్ళను. ఇప్పుడున్న బ్రేకు ఇంకో వారానికి ఢోకా లేదు, లేత్ ఆయన నడిపి చూశాడు.

కట్టు ఇరవై ఎనిమిదిన విప్పుతారని వదిన చెప్పింది. ముప్ఫై ఆదివారం. మీరు రండి. కింద నేనుంటాను, అరిచేది నేను. సీట్లో మీరు కూర్చోండి. తొక్కడానికి గొంతెందుకు? ఆ మూడు మాటలకీ కాలు ఎప్పుడు కదపాలో మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఇరవై రెండేళ్ళు మీరు అరిస్తే వాళ్ళు తొక్కారు. ఇక నేను అరుస్తాను.

రానని మాత్రం రాయొద్దు. ఉత్తరాలు చదివే ఓపిక నాకు అయిపోయింది.

మీ కోడలు


మార్చి 25

అమ్మాయికి,

శనివారం సాయంత్రం బస్సుకి వస్తున్నాను. మీ వదిన కూడా వస్తానంటోంది, నేను ఇంకే బండి కిందికైనా దూరతానని భయం.

నిన్న నీ ఉత్తరం చదివాక రాత్రి తిండి సహించలేదు. సంతోషం వల్ల కాదు, చికాకు వల్ల. నువ్వు ఒకటి మరిచిపోయావు. నువ్వు "తొక్కు" అంటావు, నేను తొక్కుతాను. బాగానే ఉంది. కానీ నేను పూర్తిగా తొక్కి పట్టుకున్నానని కింద ఉన్న నీకు తెలిసేదెలా? పైవాడు "పట్టాను" అనాలి. అన్నాకే కిందివాడు నట్టు వదలాలి. చెయ్యి ఊపుదామంటే నీకు కనిపించదు. తలుపు మీద కొడదామంటే ఆ శబ్దం చక్రాల దగ్గరికి వచ్చేసరికి ఏది ఒకటో ఏది రెండో తెలియదు. మీ వదినని కిటికీ దగ్గర నిలబెడదామంటే, నేను పట్టకముందే పట్టాడని చెప్పేస్తుంది.

ఇవాళ పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టింది. సీట్లో కూర్చున్నవాడి చేతికింద హారన్ ఉంది కదా.

పట్టాను అంటే ఒకసారి కొడతాను. వదిలాను అంటే రెండుసార్లు. నువ్వు నట్టు తప్పు వైపు తిప్పుతున్నావని నాకు అనుమానమొస్తే ఆపకుండా కొడతాను. చుట్టుపక్కల వాళ్ళకి ముందే చెప్పి ఉంచు, ఆదివారం మన ఇంటి ముందు గొడవ గట్టిగానే ఉంటుందని.

మామయ్య